సమాధానం: క్లినిక్ పాలసీ ఉండగా నాకు విడిగా ఇండెమ్నిటీ (పనిలో పొరపాటు జరిగిందని పేషెంట్ నష్టపరిహారం అడిగితే ఆదుకునే బీమా లాంటి రక్షణ) ఎందుకు?

"క్లినిక్ పాలసీలో నువ్వూ ఉన్నావులే" అని మీ మేనేజర్ అన్నారన్నారు కదండీ, ఆ నోటిమాటతో ఆగిపోకండి. యూకేలో డెంటల్ నర్సుగా జీడీసీ (దంతవైద్య సిబ్బందిని నమోదు చేసి, నియంత్రించే జనరల్ డెంటల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్‌కి ఇండెమ్నిటీ తప్పనిసరి. యజమాని ద్వారా వచ్చినా చెల్లుతుంది. అయితే పాలసీ కాపీ అడిగి తీసుకోండి. మీరు ఎక్స్‌రేలు తీస్తున్నా, ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తున్నా ఆ పనులు కూడా అందులో ఉండాలి.

అసలు చిక్కు వేరే ఉంది. పేషెంట్ నష్టపరిహారం అడిగితే క్లినిక్ పాలసీ ఆదుకోవచ్చు. మీ మీదే జీడీసీ విచారణ పెడితే లాయరు ఖర్చు అందులో లేకపోవచ్చు. ఇది, ఉద్యోగం మానేశాక వచ్చే క్లెయిముల సంగతి, రెండూ ఈమెయిల్‌లో అడగండి. తిన్నగా జవాబు రాకపోతే నేనైతే సొంత కవర్ తీసుకుంటాను. తీసుకునేటప్పుడు కౌన్సెలింగ్ ఫోన్ సాయం ఉందేమో చూడండి. ఫిర్యాదు వస్తే ముందు పోయేది నిద్రే.