లాప్‌టాప్ వేడి, బ్యాటరీ ఖర్చు: లినక్స్‌కి మారినవాళ్ల ప్రశ్నలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌ల మీద విండోస్ బదులు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి లినక్స్ సిస్టమ్‌లు వేసుకుంటున్నవాళ్లు మన దగ్గర కూడా ఎక్కువయ్యారు, వాళ్ల ఉత్తరాల్లో మొదటి ఫిర్యాదు వేడి. ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. చాలా లాప్‌టాప్‌లను గది వేడి 35 డిగ్రీలు దాటకుండా వాడాలని కంపెనీలే కాగితం మీద రాసిస్తాయి. నల్లగొండలో, పాలమూరులో ఏప్రిల్ వచ్చిందంటే రేకుల కప్పు కింద మధ్యాహ్నం 40 దాటడం మామూలే. చలికాలంలో బాగా నడిచిన మిషన్ మేలో మొరాయిస్తే తప్పంతా లినక్స్ మీద వేయడం న్యాయం కాదు. అలాగని లినక్స్‌లో సరిచేసుకోవాల్సినవి లేవని కూడా అనను, ఉన్నాయి.

ప్రశ్న (బీటెక్ విద్యార్థి, దేవరకొండ): అన్నా, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నా. ఐ5 ఎనిమిదో తరం, ఎన్విడియా ఎంఎక్స్150 గ్రాఫిక్స్ ఉంది. ప్రోగ్రామింగ్ కోసం ఉబుంటు వేసుకున్నా. ఏమీ చేయకపోయినా ఫ్యాన్ మోగుతూనే ఉంటోంది, ఛార్జింగ్ రెండు గంటలు కూడా రావట్లేదు. వీడియోలు చూసి, కరెంటు ఆదా చేస్తాయంటే టీఎల్‌పీ, ఆటో-సీపీయూఫ్రెక్, పవర్‌టాప్ ఆటో ట్యూన్ అన్నీ పెట్టా. ఇప్పుడు మౌస్ కూడా మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఇంకేం వేయాలి?

జవాబు: ఇంకేమీ వేయకు తమ్ముడూ, ముందు వేసినవి తీసెయ్. టీఎల్‌పీ, ఆటో-సీపీయూఫ్రెక్, ఉబుంటులో ముందే ఉండే పవర్ ప్రొఫైల్స్, ఈ మూడూ ఒకే ప్రాసెసర్ సెట్టింగుల మీద చెయ్యి వేసేవే. ఒకటి తగ్గించిన దాన్ని ఇంకొకటి పెంచుతుంది, చివరికి ఏది పనిచేస్తోందో ఎవరూ చెప్పలేరు. వీటిలో ఒక్కటే ఉండాలి, నీకైతే ఉబుంటుతో వచ్చినదే చాలు. మౌస్ ఆగిపోవడానికి కారణం పవర్‌టాప్ ఆటో ట్యూన్. అది యూఎస్‌బీకి పెట్టిన ప్రతిదాన్నీ కాసేపు కదలకపోతే నిద్రపుచ్చుతుంది. ప్రతిసారీ దానంతటదే నడిచేలా సర్వీస్‌గా పెట్టుకోకపోయి ఉంటే ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు, పోతుంది.

ఆ తర్వాత కొలవాలి. నాకొచ్చే ఉత్తరాల్లో దాదాపు ఎవరూ చేయని పని ఇదే. ఛార్జర్ పీకెయ్, స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించు, అన్నీ మూసేసి ఐదు నిమిషాలు అలా వదిలెయ్. తర్వాత టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, సుడో పెట్టి పవర్‌టాప్ నడిపితే (sudo powertop) బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు లాగుతోందో పైనే కనిపిస్తుంది. నీ దగ్గరున్న లాంటి లాప్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 5 నుంచి 8 వాట్ల మధ్య ఉండాలి. 15 దాటుతోందంటే లోపల ఏదో నడుస్తున్నట్టే. లాప్‌టాప్ తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటికి వస్తుంది, కాబట్టి వేడి సమస్య, ఛార్జింగ్ సమస్య నీకు విడివిడిగా లేవు, ఆ వాట్లు తగ్గితే రెండూ తగ్గుతాయి. లెక్క కూడా సులువు. 42 వాట్-అవర్ల బ్యాటరీ 7 వాట్ల మీద ఆరు గంటలు వస్తుంది, అదే 20 వాట్లు లాగితే రెండు గంటలే. అయితే నీది సెకండ్ హ్యాండ్, బ్యాటరీయే అరిగిపోయి ఉండొచ్చు. పవర్ స్టాటిస్టిక్స్ అనే అప్లికేషన్ తెరిస్తే బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండితే పట్టే సామర్థ్యం పక్కపక్కనే చూపిస్తుంది. 42కి 22 మిగిలి ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ వేసినా గంటలు పెరగవు, బ్యాటరీ మార్చాల్సిందే.

వాట్లు ఎక్కువగా ఉంటే నా మొదటి అనుమానం ఆ ఎన్విడియా చిప్ మీదే. నీ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండున్నాయి, ఇంటెల్‌ది ఒకటి, ఎన్విడియాది ఒకటి. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి ఎన్విడియా చిప్‌లు పని లేనప్పుడు తమంతట తాము పూర్తిగా ఆఫ్ అయ్యే పద్ధతి వచ్చింది. ఎంఎక్స్150 దానికన్నా ముందుది. ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకుని ఆన్-డిమాండ్‌లో (అవసరమైనప్పుడే ఎన్విడియాని వాడే పద్ధతి) పెట్టినా అది మేలుకునే ఉంటుంది, కరెంటు తాగుతూనే ఉంటుంది. టెర్మినల్‌లో సుడో పెట్టి ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్ (sudo prime-select intel) అని కొట్టి రీస్టార్ట్ చేయి, పవర్‌టాప్‌లో మళ్లీ చూడు. తప్పు అక్కడే ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియాకే కలిపి ఉంటుంది, అప్పుడు కాలేజీలో ప్రొజెక్టర్‌కి పెడితే బొమ్మ రాదు. సెమినార్ ఉన్న రోజు మళ్లీ ఆన్-డిమాండ్‌కి మార్చుకో.

అయినా తగ్గకపోతే టెర్మినల్‌లో టాప్ (top) అని కొట్టి సీపీయూ ఎవరు తింటున్నారో చూడు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఫైళ్లన్నిటినీ ట్రాకర్ అనే వెతుకులాట ప్రోగ్రామ్ చదివి పెట్టుకుంటుంది, అది కొద్దిసేపట్లో దానంతటదే ఆగుతుంది, కంగారు పడక్కర్లేదు. బ్రౌజర్ పైన కనిపిస్తే బ్రౌజర్‌లోకి వెళ్లి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు, ఏ ట్యాబ్ ఎంత వాడుతోందో ఫైర్‌ఫాక్స్‌లోనూ క్రోమ్‌లోనూ చూపిస్తుంది. ఒక్కోసారి తెరిచి మరిచిపోయిన ఒక్క ట్యాబే ఇంత పనీ చేస్తుంది.

ప్రశ్న (రైస్ మిల్లు గుమస్తా, మిర్యాలగూడ): మిల్లులో లెక్కలన్నీ లాప్‌టాప్ మీదే సార్. లినక్స్ మింట్ వేశాం. మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా టక్కున ఆగిపోతోంది, వడ్లు వచ్చే సీజన్‌లో మరీ ఎక్కువ. మళ్లీ విండోస్ వేస్తే తగ్గుతుందని రిపేర్ షాపు అతను అంటున్నాడు. నిజమేనా?

జవాబు: తగ్గదండీ. టక్కున ఆగిపోవడం అంటే ప్రాసెసర్ కాలిపోకుండా మిషన్ తనను తాను కాపాడుకోవడం, ఆ పని ఏ సిస్టమ్ వేసినా చేస్తుంది. రుజువు కావాలంటే, ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ -బి -1 (journalctl -b -1) అని కొట్టండి, కిందటిసారి నడిచినప్పటి లాగ్ వస్తుంది. చివరికి వెళ్లి 'క్రిటికల్ టెంపరేచర్' అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే వేడే కారణం. ఏమీ లేకుండా లాగ్ మధ్యలో తెగిపోయినా వేడిని కొట్టిపారేయలేం, లినక్స్ రాసుకునే లోపే మదర్‌బోర్డు కరెంటు కోసేసే సందర్భాలూ ఉంటాయి, బ్యాటరీ, ఛార్జర్ పాడైనా అలాగే తెగుతుంది.

అందుకే ఇంకో పరీక్ష. ఎల్ఎం-సెన్సర్స్ ఇన్‌స్టాల్ చేసి సెన్సర్స్ (sensors) అని కొట్టండి, వేడి ఎంతుందో చూపిస్తుంది, పక్కనే ఇంకో టెర్మినల్ తెరిచి టాప్ నడపండి. రెండూ కలిపి చూడాలి. సీపీయూ నిండా పని చేస్తూ 85 డిగ్రీలుంటే అది పని వల్ల వచ్చిన వేడి. సీపీయూ రెండు మూడు శాతమే వాడుతూ కూడా 75 దాటి ఉందంటే, పుట్టే వేడి కొంచెమే, బయటికి పోయే దారే మూసుకుపోయింది. మీది ఈ రెండోదే అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మీరున్నది మిల్లులో. తవుడు దుమ్ము, ఊక పొడి ఇరవై నాలుగు గంటలూ గాలిలో ఉంటాయి.

లోపల ఫ్యాన్‌కీ, గాలి బయటికి వచ్చే జాలీకీ మధ్య రాగి రేకుల వరస ఉంటుంది, దువ్వెన పళ్లంత దగ్గరగా. దుమ్ము పేరుకునేది ఫ్యాన్ రెక్కల మీద కన్నా ఆ రేకులకు లోపలి వైపు. ఫ్యాన్ విప్పి తీస్తే తప్ప కనిపించదు. బయటి నుంచి చూసి "శుభ్రంగానే ఉంది" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. షాపుకి ఇస్తే ఫ్యాన్ తీసి ఆ రేకులు శుభ్రం చేయమని, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూయమని విడమరిచి చెప్పండి, వీలైతే దగ్గరే ఉండండి. మీరే చేసుకుంటే షట్‌డౌన్ చేసి, అడుగు మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం వద్దు, అందులో నీటి తుంపర వస్తుంది, ప్రెషర్ కూడా ఎక్కువ.

ఆ తర్వాత లాప్‌టాప్‌ని గోనె సంచుల మీదా, ఫైళ్ల మీదా పెట్టకండి, చాలావాటిలో గాలి లోపలికి పోయేది అడుగు నుంచే. వెనక వైపు రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తినా తేడా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పవర్ సేవర్‌లో పెట్టుకోండి, లెక్కలు రాయడానికి అంత వేగం చాలు. మీ మింట్‌లో ఆ మీట కనిపించకపోతే టీఎల్‌పీ వేసుకోండి, అదొక్కటే.

ప్రశ్న (గ్రూప్-2కి చదువుతున్న అమ్మాయి, వనపర్తి): ఐ3 ఐదో తరం లాప్‌టాప్, ఉబుంటు, ఫైర్‌ఫాక్స్. రోజంతా యూట్యూబ్ క్లాసులు చూస్తా. అరగంటకే చేతులు పెట్టలేనంత వేడి. కరెంటు పోతే గంట కూడా ఆగదు, టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: చెల్లెమ్మా, నీ లాప్‌టాప్ క్లాసు చూపించడానికి పడుతున్న కష్టం నిజానికి అక్కర్లేనిది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే రకాల్లో వీడియో పంపుతుంది. వాటిని విప్పే ప్రత్యేక భాగం ఇంటెల్‌లో వీపీ9కి పూర్తిగా ఏడో తరం నుంచి, ఏవీ1కి పదకొండో తరం నుంచే ఉంది. నీ ఐదో తరంలో లేదు కాబట్టి ప్రాసెసరే ఒక్కో ఫ్రేమూ విప్పుతుంది, వేడెక్కుతుంది. కానీ పాత హెచ్.264 రకం వీడియోని విప్పే భాగం నీ దాంట్లో ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ ఆ రకమే పంపుతుంది.

2023 జులైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 నుంచి లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో వీడియో విప్పే సౌకర్యం ముందే ఆన్ అయి ఉంటుంది, పాతది ఉంటే అప్‌డేట్ చేయి. టెర్మినల్‌లో వీఏఇన్ఫో (vainfo) నడిపి చూడు, హెచ్264 పేరున్న వరసలు వస్తే డ్రైవర్ సరిగానే ఉంది. ఎర్రర్ వస్తే ఇంటెల్ మీడియా వీఏ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మార్చకముందు, మార్చాక ఒకే వీడియో పెట్టి టాప్‌లో చూసుకుంటే ఎంత తగ్గిందో నీకే తెలుస్తుంది.

కరెంటు పోయినప్పుడు వీడియో క్వాలిటీని 480కి దించు, బోర్డు మీది అక్షరాలు చాలా క్లాసుల్లో అందులోనే చదవొచ్చు. 1.5 స్పీడ్‌లో చూసే అలవాటుంటే అదే సెకనులో ఒకటిన్నర రెట్లు ఫ్రేములు విప్పాలి, కాబట్టి బ్యాటరీ మీదున్నప్పుడు మామూలు స్పీడే నయం. మంచం మీద, దిండు మీద పెట్టి చూడకు, పరీక్షల దాకా ఆ మిషన్ నిలవాలి.

ప్రశ్న (స్కూలు టీచర్, అచ్చంపేట): రోజూ అమ్రాబాద్ దాకా బస్సులో వెళ్తాను. లాప్‌టాప్ మూత వేసి బ్యాగులో పెడతాను. అక్కడ తీసేసరికి కాలిపోతూ ఉంటుంది, ఛార్జింగ్ సగం పోతుంది.

జవాబు: సార్, మూత వేసినా అది నిద్రపోవట్లేదు, లేదా నిద్రపోయి మధ్యలో లేస్తోంది. ఈమధ్య లాప్‌టాప్‌లలో నిద్ర రెండు రకాలు. డీప్ అనే పాత పద్ధతిలో మెమరీకి తప్ప మిగతా అన్నిటికీ కరెంటు ఆగుతుంది. ఎస్2ఐడిల్ అనే కొత్త పద్ధతిలో ప్రాసెసర్ ఆఫ్ కాకుండా జోగుతూ ఉంటుంది, ఏదో ఒక పరికరం నిద్రపోనంటే చాలు, బ్యాగులో వేడి మొదలు. సిస్ ఫోల్డర్‌లో పవర్ అనే దాంట్లో మెమ్_స్లీప్ ఫైలుని క్యాట్‌తో చదవండి (cat /sys/power/mem_sleep), ఏ మాట చుట్టూ చదరపు బ్రాకెట్ ఉంటే ఇప్పుడు వాడుతున్నది అదే. డీప్ కూడా అక్కడ కనిపిస్తే లినక్స్‌ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో మెమ్_స్లీప్_డిఫాల్ట్ విలువను డీప్ అని పెట్టి (mem_sleep_default=deep), అప్‌డేట్-గ్రబ్ కొట్టి, రీస్టార్ట్ చేయండి. కొన్ని మోడళ్లలో డీప్ పెట్టాక నిద్ర లేవడానికి మొండికేస్తుంది, కాబట్టి ముందు ఆదివారం ఇంట్లో పరీక్షించండి, స్కూల్లో కాదు. డీప్ లేకపోతే బయోస్‌లో స్లీప్ స్టేట్ అనే సెట్టింగ్ ఉందేమో చూడండి, థింక్‌ప్యాడ్‌లు కొన్నిటిలో అక్కడ లినక్స్ అనే ఎంపికే ఉంటుంది.

వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పీకేసి బ్యాగులో పెట్టండి, బస్సు కుదుపులకు మౌస్ కదిలి లాప్‌టాప్‌ని లేపే అవకాశం ఉంది. ఇవేవీ కుదరకపోతే బస్సెక్కే ముందు షట్‌డౌన్ చేయండి. ఎస్ఎస్‌డీ ఉంటే మళ్లీ ఆన్ కావడానికి ఎంతోసేపు పట్టదు.

ప్రశ్న (ఫొటో స్టూడియో, గద్వాల): మాది ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉంటుంది. బ్యాటరీ పాడవుతుందా?

జవాబు: అవుతుంది. లిథియం బ్యాటరీని నిండా వంద శాతం దగ్గర, అదీ వేడిలో పెట్టి ఉంచితే త్వరగా అరుగుతుంది. 80 దగ్గర ఆపేయండి. ఉబుంటు వాడే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్, 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48 నుంచి సెట్టింగుల్లో పవర్ కింద బ్యాటరీ ఆరోగ్యం కాపాడే ఎంపిక ఉంది, మిషన్ అందుకు ఒప్పుకునేదైతే అది కనిపిస్తుంది. థింక్‌ప్యాడ్, ఆసుస్ లాంటివాటిలో టీఎల్‌పీతో కూడా పెట్టుకోవచ్చు. ఒకసారి మిషన్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడండి కూడా. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు ఉబ్బి మిషన్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఛార్జర్ పీకి ఆఫ్ చేయండి, ఉబ్బిన దాన్ని నొక్కడం, గుచ్చడం చేయకండి, తెలిసినవాళ్లతో తీయించి కొత్తది వేసేదాకా వాడకండి.