రెండు గదుల ఇంట్లో ఆటలమ్మ పోసిన పిల్లాణ్ని విడిగా ఉంచడం ఎలా?

కృష్ణలంకలో రెండు గదుల ఇల్లు, తొమ్మిదేళ్ల బాబుకి ఆటలమ్మ, వదిన గర్భిణి అని రాశారు. అయితే ముందు వదిన సంగతి చూడండి. ఆవిడకు చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదంటే, టీకా కూడా పడలేదంటే, ఈరోజే ఆవిడ డాక్టర్‌కి చెప్పండి. పొక్కులు కనపడక ముందే, ఒకటి రెండు రోజుల నుంచే ఇది అంటుకుంటుంది. కాబట్టి ఇప్పుడు పుట్టింటికి పంపేస్తే సరిపోతుందనుకోకండి.

బాబుని కిటికీ ఉన్న గదిలో పడుకోబెట్టి, కిటికీ తెరిచే ఉంచండి. గాలి ద్వారా కూడా సోకే జబ్బు ఇది. ఇదివరకే ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్లు ఒక్కరే దగ్గరుండి చూసుకుంటే మేలు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, అంటే సాధారణంగా 5 నుంచి 7 రోజులు, బడికి పంపొద్దు.

గుమ్మానికి వేపమండలు కట్టుకోండి, తప్పులేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నారని స్నానం మాన్పించకండి. గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. గోళ్లు పొట్టిగా కత్తిరించండి, గోకితే చీము పడుతుంది. పప్పన్నం, మజ్జిగ, ఏది తినగలిగితే అది పెట్టండి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం వద్దే వద్దు, కాలేయానికీ మెదడుకీ ప్రమాదం.

ఆయాసం, ఆగని వాంతులు, లేపినా లేవనంత మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.