పాత 21 అంగుళాల టీవీలో బొమ్మ బదులు అడ్డంగా గీత ఒక్కటే వస్తోంది, ఇంట్లో విప్పి చూడొచ్చా?

మాట వస్తోంది, తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత, నాన్నగారు సెట్టు పారేయనివ్వడం లేదు, మీ కాలనీలో మెకానిక్ దొరకడం లేదు. ఇంతే కదా సంగతి? ఈ కంప్లయింట్ వరకైతే ఇంట్లో విప్పి చూడొచ్చండి. చదువుకునే రోజుల్లో నేను చిక్కడపల్లిలో ఒక రిపేర్ షాపులో సాయంత్రాలు పనిచేశాను. ఈ గీత సెట్లు అక్కడికి బాగానే వచ్చేవి.

ముందుగా, చెక్ చేద్దామని టీవీని మాటిమాటికీ ఆన్ చేయకండి. తెర అంతా పరుచుకోవాల్సిన ఎలక్ట్రాన్లన్నీ ఆ ఒక్క గీత మీదే పడుతున్నాయి. అక్కడ తెర లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత కాలి మచ్చ పడితే, తర్వాత బోర్డు బాగైనా ఆ మచ్చ పోదు.

ఇక షాక్ సంగతి. ప్లగ్గు పీకేశాం కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. కలర్ పిక్చర్ ట్యూబుకి 25 వేల వోల్టుల దాకా వెళ్తుంది. ట్యూబు గాజుకి లోపలా బయటా పూత ఉండటంతో అదే ఒక పెద్ద కెపాసిటర్‌లా పనిచేసి, కరెంటు తీసేశాక కూడా ఛార్జి పట్టుకుని కూర్చుంటుంది. ట్యూబు పై భాగంలో ఎర్రగానో నల్లగానో ఒక రబ్బరు కప్పు, దానికి లావాటి వైరు కనిపిస్తాయి. ఛార్జి ఉండేది అక్కడే.

దాన్ని దించే పద్ధతి ఇది. ట్యూబు వెనక నల్లటి పూత మీదుగా స్ప్రింగుతో లాగి కట్టిన తొడుగు లేని అల్లిక తీగ ఒకటి ఉంటుంది. ఒక వైరుకి రెండు వైపులా క్రొకడైల్ క్లిప్పులు పెట్టి, ఒకటి ఆ అల్లిక తీగకి, రెండోది మంచి ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ కమ్మీకి తగిలించండి. ముందు తీగ వైపు, తర్వాతే స్క్రూడ్రైవర్ వైపు. ఇప్పుడు కప్పు అంచు కిందుగా కొన దూర్చి లోపలి ఇనుప కొక్కేన్ని తాకించండి. ‘టప్’మని శబ్దం రావచ్చు, రాకపోవచ్చు; రాలేదని వదిలేయకండి. పది నిమిషాలాగి మళ్లీ చేయండి, ఎందుకంటే గాజులో మిగిలినది మెల్లగా పైకి తేలుతుంది. వైరుని బోర్డు మీద ఎక్కడో గ్రౌండుకి తగిలించొద్దు, ఆ దెబ్బకి ఐసీలు, అంటే బోర్డు మీది నల్లటి చిప్పులు, పోతాయి. మల్టీమీటర్ ఆ కప్పు దగ్గరికే తీసుకెళ్లొద్దు, మామూలు మీటర్లు వెయ్యి వోల్టులు దాటి తట్టుకోవు. ఈ పనంతా ఒంటిచేత్తోనే. మా ఉస్తాద్ ఎడమ చెయ్యి ప్యాంటు వెనక జేబులో పెట్టించి మరీ చేయించేవాడు. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది.

రెండోది, కరెంటు వైరు వచ్చి చేరే చోట ఉండే అన్నిటికంటే లావు కెపాసిటర్. మన 230 వోల్టులు డీసీ అయ్యాక అక్కడ 320 దాకా ఉంటుంది. నన్నడిగితే దీనికే ఎక్కువ భయపడాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లని దాని రెండు కాళ్లకి కాసేపు తాకించి, మీటర్‌తో సున్నా చూసుకోండి. ఇంకోటి, ఆ వైపు బోర్డులో గ్రౌండు అనుకున్నది కూడా కరెంటుతో కలిసే ఉంటుంది, ఆన్‌లో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. మన పాత ఇళ్లలో షాబాద్ బండలు వానాకాలం చెమ్మగిల్లుతాయి కాబట్టి చెక్కపలక మీదో రబ్బరు మ్యాటు మీదో నిలబడండి, కాళ్లకి చెప్పులు ఉంచండి.

ట్యూబు మెడ సన్నటి గాజు. దాన్ని పట్టుకుని లేపడం, బోర్డు ఊడదీసేటప్పుడు వంచడం చేయొద్దు. మెడ విరిగితే సెట్టు ఇక ఇనుప సామానుకే.

ఇప్పుడు అసలు రిపేరు. గీత వచ్చిందంటే బొమ్మని పైకీ కిందికీ పరిచే వర్టికల్ సెక్షన్ పనిచేయడం లేదని అర్థం. ట్యూబు మెడకి చుట్టి ఉన్న రాగి తీగచుట్ట, అదే యోక్, దాని నుంచి వచ్చే వైర్లు బోర్డులో ఎక్కడ గుచ్చుకున్నాయో చూసి, అక్కడి నుంచి వెనక్కి వెళ్తే అల్యూమినియం రేకుకి బిగించిన ఐసీ దొరుకుతుంది. సౌండ్ ఐసీ కూడా అలాగే ఉంటుంది, పొరబడకండి. బోర్డు తిరగేసి టార్చి ఏటవాలుగా వేసి, ఆ ఐసీ పిన్నులు, యోక్ ప్లగ్గు పిన్నులు చూడండి. పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నటి గుండ్రటి పగులు కనిపిస్తే అదే డ్రై సోల్డర్, అంటే అతుకు వదిలిందన్నమాట. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి అలా వదులవుతుంది. పాత సోల్డర్‌ని కరిగించి, పీల్చే పంపుతో లాగేసి కొత్త సోల్డర్ పట్టించండి. చాలా సెట్లు అంతటితో లేచి కూర్చుంటాయి.

అప్పటికీ గీతే వస్తే ఆ ఐసీకి సప్లై ఇచ్చే చిన్న ఫ్యూజిబుల్ రెసిస్టర్‌ని (కరెంటు ఎక్కువైతే ఫ్యూజులా తెగిపోయేది) మీటర్‌తో చూడండి. అది తెగిపోయిందంటే చాలావరకు ఐసీ షార్ట్ అయినట్టే, రెండూ కలిపి మార్చాలి. దాని బదులు వైరు ముక్క పెట్టడం మాత్రం వద్దు, మంటలొస్తాయి. విడిభాగాలకి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి, పాత ఐసీ చేతిలో పట్టుకుని. నోటితో నంబరు చెబితే దగ్గరి నంబరేదో అంటగడతారు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 200 వాట్ల ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో, అంటే టీవీకి వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా, పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పర్లేదు, పూర్తి వెలుగులోనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. బొమ్మ చూడటానికి ముందుకి వంగొద్దు. షాపులో ఎదురుగా గోడకి అద్దం పెట్టుకుని వెనక నుంచే చూసేవాళ్లం.

లావు వైరు దగ్గర చిటపటలు, నీలి మెరుపులు, ఘాటు వాసన కనిపిస్తే అది వేరే జబ్బు. ఆ సెక్షన్‌లో ఇంట్లో చేయి పెట్టొద్దు, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. మీ సెట్టులో ఐసీ మీద నంబరేముందో చెప్పండి, ఏ పిన్నుకి సప్లై వస్తుందో చెప్తాను.