దొరికింది సరే, దొరకనిదెంత?

పాఠకుల ప్రశ్నలకు బరంపురం నుంచి ఒక విశ్రాంత కాలేజీ లైబ్రేరియన్ జవాబులు

ప్రశ్న: మా పఠన మందిరంలోని పాత తెలుగు పత్రికలు, సంఘం మీటింగుల మినిట్స్ పుస్తకాలు స్కాన్ చేయించాం. మా సభ్యుడొకరి అబ్బాయి వాటికి సెర్చ్ తయారుచేసి కంప్యూటర్లో పెట్టాడు. ఏది టైప్ చేసినా ఏదో ఒకటి వస్తోంది. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు. దీనిమీద ఇంకా డబ్బు పెట్టమని కమిటీని అడుగుతున్నాడు. నిజంగా బాగుందో లేదో తేల్చేదెలా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, ఏది టైప్ చేసినా ఏదో ఒకటి వస్తోందన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. మీ పుస్తకాల్లో లేనే లేని సంగతి ఒకటి అడిగి చూడండి. అప్పుడు కూడా పది పేజీలు తెచ్చి ముందు పెడితే, మిగతా జవాబులనైనా ఎంతవరకు నమ్మాలో ఆలోచించుకోవాలి.

రెండో సంగతి, డెమో ఇచ్చేటప్పుడు ఆ అబ్బాయి తనకు ఫలితం వస్తుందని తెలిసిన మాటలే టైప్ చేసి ఉంటాడు. మోసమనను, ఎవరైనా అంతే. కానీ ప్రశ్నపత్రం తానే తయారుచేసుకుని, తానే రాసి, తానే దిద్దుకుని ఫస్టు వచ్చానన్నట్టు ఉంటుంది.

ఈ చిక్కుకు దారి చూపినవాడు ఒక లైబ్రేరియన్. ఆ పక్షపాతం నాకు ఉందని ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ అనే చోట విమాన ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రేరియన్ సిరిల్ క్లెవర్డన్. పత్రాలకు ఏ పద్ధతిలో సూచికలు రాస్తే బాగా దొరుకుతాయని ఆ రోజుల్లో పండితులు ఏళ్ల తరబడి వాదించుకునేవారు. ఆయన వాదన కట్టిపెట్టి పరీక్ష పెట్టాడు. 1950ల చివర ఒక విడత, 1960ల్లో ఇంకో విడత. రెండో విడతలో పరిశోధకులనే పట్టుకుని, మీరు ఈ వ్యాసం రాయడానికి కారణమైన సందేహమేమిటో రాసివ్వండి అన్నాడు. ఏ ప్రశ్నకు ఏ వ్యాసం పనికొస్తుందో మనుషులతో చదివించి, గుర్తు పెట్టించి ఉంచాడు. ఆ తర్వాత ఒక్కో పద్ధతినీ దానిమీద తూచాడు. ఆయన పోగుచేసిన 1400 వ్యాసాలు, 225 ప్రశ్నలు ఇవాళ్టికీ ఈ చదువు మొదలుపెట్టే విద్యార్థుల చేతికి వస్తుంటాయి. ఫలితం చూసి అప్పటి సూచికల పండితులు ఖంగుతిన్నారు. నిపుణులు తలలు బద్దలుకొట్టుకుని తయారుచేసిన పద్ధతుల కంటే, వ్యాసంలో ఉన్న మామూలు మాటలతో వెతికితేనే కాస్త మెరుగ్గా దొరికాయి. ఉద్యోగమంతా కేటలాగు కార్డులు రాసిన నాలాంటివాడికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు.

మీరూ ఆ దారే పట్టండి. మందిరానికి వచ్చేవాళ్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టకుండా, కాగితం మీద ప్రశ్నలు రాయించండి. తెర ముందు కూర్చోబెడితే వాళ్లు కూడా తేలికైన మాటలే అడుగుతారు. 'మా తాతగారు సభలో మాట్లాడినట్టు ఎక్కడైనా ఉందా', 'కలరా వచ్చినప్పుడు సంఘం చందాలు పోగుచేసిందా', 'ఒడిశా ఏర్పడినప్పుడు మనవాళ్లు ఏమనుకున్నారు', ఇలాంటివి కావాలి. యాభై ఉంటే మంచిది, పాతికతోనైనా మొదలుపెట్టొచ్చు. ఆ కాగితాలు మాత్రం అబ్బాయి కంట పడనివ్వకండి.

వేల పేజీలు ఎవరు చదివి జవాబులు గుర్తిస్తారని అడుగుతారు. దానికీ ఉపాయముంది. అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ 1992 నుంచి ట్రెక్ పేరుతో ఏటా సెర్చ్ పరీక్షలు నడుపుతోంది. అక్కడ పత్రాలు లక్షల్లో ఉంటాయి, అన్నీ చదవడం ఎవరి తరమూ కాదు. అందుకని పాల్గొన్న ఒక్కో సిస్టమ్ ముందు వరసలో చూపించిన వంద పత్రాలను, అన్నిటివీ కలిపి ఒక కుప్ప పోస్తారు. మనుషులు ఆ కుప్పను మాత్రం చదువుతారు. మీ దగ్గర అబ్బాయి సెర్చ్ ఒకటి, కంప్యూటర్లో ఉండే మామూలు ఫైండ్ ఒకటి, పాత రిజిస్టర్లు కరతలామలకమైన సభ్యుడొకరు ఉంటారు కదా. ఆ ముగ్గురూ ఇచ్చిన పేజీలు కలిపి చదవండి. ఆ పెద్దమనిషిని వదలొద్దు, ఏ యంత్రానికీ దొరకని పేజీ ఆయన చెబుతాడు.

ఇక మార్కులు. ఒక ప్రశ్నకు పనికొచ్చే పేజీలు పదహారు ఉన్నాయనుకోండి. సెర్చ్ పది చూపింది, అందులో ఎనిమిది సరైనవి. చూపినవాటిలో పనికొచ్చేవి పదికి ఎనిమిది, దీన్ని ప్రెసిషన్ అంటారు. ఉన్నవాటిలో దొరికినవి పదహారుకు ఎనిమిది, దీన్ని రీకాల్ అంటారు. బాగుందన్నవాళ్లంతా చూసింది మొదటి లెక్క. రెండోది తెరమీద కనిపించదు. కుప్ప చదివి తేల్చుకోవలసిందే.

మీలాంటి సేకరణలో ఏది జారిపోతుందో ఒక్కటి చూపిస్తాను. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. మీరు సెర్చ్‌లో 1936 అని కొడతారు. పాత అచ్చులో చాలాచోట్ల అది ౧౯౩౬ అని తెలుగు అంకెల్లో ఉంటుంది. ఇంకొన్నిచోట్ల అంకే ఉండదు, 'ధాత సంవత్సర చైత్ర మాసమున' అని ఉంటుంది. రాష్ట్రం పేరు ఒరిస్సా, ఓఢ్ర, ఉత్కళం, ఏదైనా కావచ్చు. మీ ఊరి పేరు సంగతి సరేసరి: పర్లాకిమిడి, పర్లాకిమెడి, పర్లాఖెముండి. ఈ జతలన్నీ ఒక పట్టికగా రాసి అబ్బాయికిస్తే, పైసా ఖర్చు లేకుండా రీకాల్ పెరుగుతుంది.

డబ్బు సంగతి అడిగారు. పెట్టండి, కానీ ముందు సెర్చ్ మీద కాదు. ఏదో ఒక పేజీ స్కాన్ బొమ్మను, దాని నుంచి ఓసీఆర్ (బొమ్మలోని అచ్చును చదివి అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) తీసిన అక్షరాలను పక్కపక్కన పెట్టి చదవండి. ప వ అయి, మ య అయి, ద ధ అయి ఉంటే, ఎంత గొప్ప సెర్చ్ అయినా లేని మాటను ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ డబ్బుతో ఇద్దరు పిల్లల చేత ప్రూఫులు దిద్దించండి.

ప్రశ్న: ప్లీడరు గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. భూమి కేసుల పాత కాగితాలు స్కాన్ చేసి పెట్టుకున్నాం. సర్వే నంబరు, పేరు కొట్టి వెతుకుతాను. రాకపోతే 'లేదండి' అని చెప్పేస్తాను. ఇది సరైన పద్ధతేనా? (గుమాస్తా, రాయగడ)

జవాబు: గుమాస్తా గారూ, 'లేదండి' అన్న మాట ఇవాళ్టి నుంచి మానేయండి. ఎందుకో వినండి.

అమెరికాలో ఒక పెద్ద దావాలో దాదాపు 40,000 పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు కంప్యూటర్లో ఎక్కించారు. డేవిడ్ బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు దానిమీద చేసిన అధ్యయనాన్ని 1985లో ప్రచురించారు. కేసుకు పనికొచ్చే కాగితాల్లో కనీసం నూటికి 75 దొరకాలన్నది లాయర్ల షరతు. దొరికాయనే వాళ్లు నమ్మారు. లెక్క తీస్తే దొరికినవి సగటున నూటికి 20! వచ్చిన కాగితాలు చాలావరకు పనికొచ్చేవే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దావా ఒక ప్రమాదానికి సంబంధించింది. లాయర్లు ప్రమాదం అన్న మాట చుట్టూ వెతికారు. తప్పు తమమీదికి వచ్చేలా ఉన్నవాళ్లు ఉత్తరాల్లో ఆ మాటే రాయలేదు, 'దురదృష్టకర పరిస్థితి' లాంటి మాటలతో సరిపెట్టుకున్నారు. మన తగాదాల్లో మాత్రం 'ఆక్రమణ' అని ఎవడు తన చేత్తో రాసుకుంటాడు చెప్పండి?

మీకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. 1936కు ముందు మీ రాయగడ, జయపురం సంస్థానంలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆనాటి కాగితాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, తర్వాతివి ఒడియాలో. ఒకే ఆసామి పేరు మూడు లిపుల్లో మూడు రకాలు. ఒక్క లిపిలో వెతికి చేతులు దులుపుకుంటే ఎలా?

చేయవలసిన పని కష్టమేమీ కాదు. వెతికాక, సెర్చ్ చూపించని ఫైళ్లలోంచి చేతికొచ్చినవి కొన్ని లాగి, కూర్చుని చదవండి. ఆ ఇద్దరు పరిశోధకులూ చేసింది దాదాపు ఇదే, దొరకని గుట్టలోంచి శాంపిల్ తీయించి లాయర్ల చేత చదివించారు. చదివినవాటిలో ఒక్క పనికొచ్చే కాగితం తగిలినా మీ మాటల జాబితా చాలలేదని లెక్క. ప్లీడరు గారికి చెప్పేటప్పుడు 'ఈ ఈ మాటలతో, ఈ లిపుల్లో వెతికాను, రాలేదు' అని చీటీ రాసివ్వండి. రేపు కోర్టులో అవతలివాళ్లు ఆ కాగితం బయటపెడితే టెన్షన్ మీ ఒక్కరి మీదే పడదు.

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టుకు తెలుగు కథల సెర్చ్ చేస్తున్నాను సార్. 'ఇల్లు' అని కొడితే 'ఇంట్లో' ఉన్న కథ రావడం లేదు. ఏం చేయాలి? (విద్యార్థిని, గుణుపురం)

జవాబు: అమ్మా, ఇంగ్లీషు కోసం పుట్టిన పనిముట్లతో వచ్చే బాధ ఇది. చెరువు, చెరువులో, చెరువుకు, చెరువుగట్టు, ఇవన్నీ యంత్రానికి వేర్వేరు మాటలు. మాటను ముక్కలుగా విరిచి వెతికే పద్ధతి ఒకటుంది, క్యారెక్టర్ ఎన్-గ్రామ్స్ అంటారు. 2004లో మెక్‌నామీ, మేఫీల్డ్ అనే ఇద్దరు యూరప్ భాషల మీద ప్రయత్నించి, వ్యాకరణం ఏమీ నేర్పకుండానే నాలుగేసి అక్షరాల ముక్కలతో మంచి ఫలితాలొస్తాయని చూపించారు. మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ విడివిడి గుర్తులుగా లెక్కకొస్తాయి కాబట్టి నీకు నాలుగు సరిపోతుందో ఐదు కావాలో నీ కథల మీదే పరీక్షించి చూసుకో. చెరువు దీనితో తీరిపోతుంది. ఇల్లు-ఇంట్లో, ఊరు-ఊళ్లో తీరవు, వాటికి విడిగా పట్టిక రాయాల్సిందే. ళ్ళ, ళ్ల తేడా, సంఘము, సంఘం తేడా ముందే చెరిపేయి. కథల్లో కొన్ని యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి లిపి అక్షరానికీ ఇచ్చిన ఉమ్మడి సంకేతం) రాకముందు డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవైతే, తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది తెలుగు కాదు. ముందు మార్పిడి చేయించు.

పరీక్షించడానికి సరుకు లేదనుకోకు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల చొరవతో 2008లో ఫైర్ మొదలైంది, ట్రెక్‌కు మన దేశపు చెల్లెలు. తొలి విడతలో హిందీ, బెంగాలీ, మరాఠీ వార్తలతో సంపుటాలు తయారుచేశారు, మన భాష ఆ వరసలో లేదు. తర్వాత 2020లో గూగుల్ పరిశోధకులు టైడై క్యూఏ అనే ప్రశ్నల సంపుటి విడుదల చేశారు. 11 భాషల్లో తెలుగు ఒకటి. అందులో నాకు నచ్చిందేమిటంటే, ప్రశ్న రాసినవాళ్లు జవాబు చూడకుండానే, తెలుసుకోవాలనిపించి రాశారు. జవాబు ఎదురుగా పెట్టుకుని ప్రశ్న రాస్తే అందులోని మాటలే ప్రశ్నలోకి జొరబడతాయి, ఇక సెర్చ్‌కు పరీక్షేముంటుంది? దానిమీద ఆధారపడి సెర్చ్ పరీక్షకు మిస్టర్ టైడై అనే సంపుటి, తర్వాత 18 భాషలతో మిరాకిల్ అనేది వచ్చాయి. రెండింటిలోనూ తెలుగు ఉంది. అవి వికీపీడియా పేజీలు కాబట్టి, కథలకు నీ ప్రశ్నలు నువ్వే పోగుచేసుకోవాలి తల్లీ.

ప్రశ్న: ఇప్పుడంతా ఏఐ సెర్చే కదా సార్? మాటలు పోల్చి వెతికే పాత పద్ధతి నేర్చుకోవడం దండగ కాదా? (బీటెక్ విద్యార్థి, జయపురం)

జవాబు: కాదు బాబూ. 1972లో కేంబ్రిడ్జిలో కరెన్ స్పార్క్ జోన్స్ ఒక సంగతి తేల్చింది. అన్ని పత్రాల్లోనూ ఉండే మాటకు విలువ తక్కువ, అరుదైన మాటకు ఎక్కువ. 'గ్రామము' అని కొడితే సగం పుస్తకాలు వస్తాయి, 'మహేంద్రగిరి' అంటే నాలుగే వస్తాయి. లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం దానికి ఇంకో రెండు సవరణలు చేర్చింది. ఒక మాట పదోసారి కనిపించినంత మాత్రాన మొదటిసారంత మార్కు వేయకూడదు, పొడుగు పత్రానికి ఊరికే లాభం రాకూడదు. 1994 ట్రెక్‌లో కనబడిన ఆ సూత్రమే బీఎం25. ఎన్నో సెర్చ్‌ల లోపల పనిచేసే లూసీన్‌లో 2016 నుంచి అదే డిఫాల్ట్.

2021లో బియర్ అని 18 రకాల సంపుటాలతో ఒక పరీక్ష పెట్టారు. తాము శిక్షణ పొందని విషయాల మీద అడిగేసరికి, అర్థాన్ని పట్టుకుంటాయన్న కొత్త మోడళ్లలో కొన్ని చాలా చోట్ల ఈ ముసలి బీఎం25 కంటే వెనకబడ్డాయి. అప్పటి నుంచి మోడళ్లు బాగుపడ్డాయి, కాదనను. అయినా మీ మోడల్ గొప్పదని నాకు చూపించాలంటే, అవే ప్రశ్నల మీద పక్కన బీఎం25 మార్కులు కూడా పెట్టి చూపించు. అది లేని పట్టిక నేను చదవను.

ప్రశ్న: మేమూ పరీక్ష పెట్టాం. ఏ పేజీ పనికొస్తుందనే దాని మీద ఇద్దరు సభ్యులకు పొసగక మాట్లాడుకోవడం మానేశారు. ఎవరి మాట తీసుకోవాలి? (కార్యదర్శి, ఛత్రపురం)

జవాబు: ఎవరిదైనా పర్వాలేదు. ట్రెక్ నడిపిన ఎలెన్ వూర్హీస్ అక్కడి ప్రశ్నలను ఒక్కోటి ముగ్గురేసి మనుషులతో దిద్దించింది. ఏ ఇద్దరి జాబితాలు తీసుకున్నా ఉమ్మడిగా ఉన్నవి సగంలోపే. సిస్టమ్‌లకు వచ్చిన మార్కులు మారాయి గానీ, ఏది పైన ఏది కింద అన్న వరస మాత్రం దాదాపు కదల్లేదు. కాబట్టి రెండు సెర్చ్‌లలో ఏది మెరుగో తేల్చడానికి ఒక్కరి గుర్తులు చాలు, ఒక ప్రశ్నకు మొదటి నుంచి చివరిదాకా ఒకరే దిద్దితే సరి. ప్రశ్నలు చెరి సగం పంచేయండి. ఆ ఇద్దరినీ మళ్లీ మాట్లాడించడం మాత్రం మీ పని, ఈ శీర్షిక పరిధిలోకి రాదు.