ఎమ్మెస్సీ చేసి పద్దెనిమిది వేలకు ట్రైనీగా చేరాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది లావేరు మండలం. 2012లో బీఎస్సీ అవగానే పెళ్లయింది. పిల్లలిద్దరూ కాస్త పెద్దయ్యాక 2023లో శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేరి 2025లో పాసయ్యాను. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ట్రైనీ కెమిస్టుగా తీసుకుంటామంది. సీటీసీ నెలకు 18 వేలు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లంతా 22, 23 ఏళ్ల పిల్లలు. మా అత్తగారు "ఇంత సదివి పద్దెనిమిదేలకా?" అంటున్నారు. మావారేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. పది రోజుల్లో ఏ సంగతో చెప్పాలి. చేరాలా, వద్దా?

జవాబు: చేరండమ్మా. కాకపోతే ఒప్పుకునే ముందు కంపెనీకి ఒక ఫోన్ చేయాలి. ఏం అడగాలో కింద చెబుతాను.

మీ ఇంట్లో నడుస్తున్న వాదన తలకిందులుగా ఉంది. డీఎస్సీకి వయసు దాటిపోతోంది, కంపెనీ ఉద్యోగం ఎప్పుడైనా దొరుకుతుంది అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. 2025 మెగా డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకే 44 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు. ఆ లెక్కన మీకు పదేళ్ల పైమాటే ఉంది. మందుల కంపెనీల తలుపు అంతకాలం తెరిచి ఉండదు. వాట్సాప్‌లో తిరిగే వాక్-ఇన్ ప్రకటనలు ఒకసారి చూడండి. ఫ్రెషర్లయితే ఫలానా రెండేళ్లలో పాసైనవాళ్లే రావాలని రాసి ఉంటుంది. పుట్టిన ఏడాది కాదు, పాసైన ఏడాది. కాగితం మీద మీరిప్పుడు 2025 బ్యాచ్, ఆ 22 ఏళ్ల పిల్లలతో సమానం. బీఈడీకి రెండేళ్లు పెట్టి, ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం చూసి, చివరికి కంపెనీ వైపు వద్దామనుకుంటే అప్పటికి మీ ఎమ్మెస్సీ పాతబడిపోతుంది.

బీఈడీ దండగ అనను. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, చిన్న సంఖ్య కాదు. కానీ దానికి ముందు పోస్టులు నిండింది 2018 డీఎస్సీతోనే. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ కోచింగ్ సెంటర్లకూ ఇంటికీ తిరిగి, చేతిలో వేరే పని లేక ప్రైవేటు స్కూళ్లలో కుదురుకున్నవాళ్లు మన వైపు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ బంధువుల్లోనే ఉంటారు. ఉద్యోగం చేస్తూ టెట్‌కి చదువుకోవచ్చు. బీఈడీ రెగ్యులర్‌గా చేయాలి కాబట్టి దాన్ని రెండేళ్లు వెనక్కి జరపండి. అప్పటికీ మీకు వయసు మిగులుతుంది.

ఇక జీతం. సీటీసీ 18 వేలంటే చేతికి 18 వేలు రాదు. యాజమాన్యం కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాలు కూడా అందులో కలిపే రాస్తారు. ఒక లెక్క చూడండి. గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 16,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. మీ పీఎఫ్ 12 శాతం 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం 120, వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 14,290. కంపెనీ తన వైపు నుంచి పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ 520 కడుతుంది. ఆ రెండూ గ్రాస్‌కి కలిపితే 17,960, అదే మీ పద్దెనిమిది వేలు. కొన్నిచోట్ల బస్సుకూ క్యాంటీన్‌కూ కూడా కోస్తారు, అడగండి. మీ అత్తగారికి పద్దెనిమిది కాదు, పద్నాలుగనే చెప్పండి. మొదటి జీతం రోజు ఇంట్లో రభస ఉండదు. పీఎఫ్‌లో పడేది ఎక్కడికీ పోదు, ఈఎస్‌ఐలో మీతోపాటు భర్తకూ పిల్లలకూ వైద్యం ఉంటుంది.

ఆ పద్నాలుగు వేల కోసం చేరమనడం లేదు. ఫోన్ చేసి ఏ సెక్షన్‌లో వేస్తారో అడగమనేది అందుకే. క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబు అంటే ఒక మాట, ప్యాకింగో గోడౌనో అంటే ఇంకో మాట. క్యూసీలో మొదటి రెండు మూడు నెలలు విసుగ్గానే ఉంటుంది. ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు చదవడం, చదివినట్టు సంతకాలు, గాజు సామాను, సొల్యూషన్లు కలపడం. తర్వాత టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్‌తో తేమ చూడడం. మీకు పరీక్ష పెట్టి అనలిస్టుగా క్వాలిఫై చేసేదాకా సొంతంగా రిజల్ట్ ఇవ్వనివ్వరు. అది దాటాక హెచ్‌పీఎల్‌సీ, జీసీ, అంటే శాంపిల్‌లో ఏముందో విడదీసి చూపే మిషన్లు. రియాక్టర్ నుంచి శాంపిల్ వస్తుంది, రియాక్షన్ పూర్తయిందో లేదో మీరు చెప్పేదాకా ప్రొడక్షన్ వాళ్లు ఆగి ఉంటారు, ఫోన్ మీద ఫోన్ కొడతారు. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే ఒక్క గీత గీసి సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ ముట్టుకోకూడదు. ఈ క్రమశిక్షణ ఎమ్మెస్సీ ల్యాబులో అలవడదు, పనిలోనే వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ మీద రెండేళ్లు చేయి తిరిగినవాళ్లని పరవాడ ఫార్మా సిటీలోనూ, అచ్యుతాపురంలోనూ, హైదరాబాద్‌లోనూ అడుగుతారు. అప్పుడు జీతం మాట మీరు చెప్పొచ్చు. ఇప్పుడు వాళ్లు చెప్పిందే జీతం.

కంపెనీ రోలా, కాంట్రాక్టర్ రోలా, అంటే మీ పేరు ఎవరి ఉద్యోగుల లిస్టులో ఉంటుంది అన్నది రెండో ప్రశ్న. కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్‌లో వేస్తామంటే మొహమాటం లేకుండా వద్దనండి, దానికి మీ ఎమ్మెస్సీ అక్కర్లేదు. కాంట్రాక్టరే అయినా క్యూసీ బెంచ్ మీద పని, పీఎఫ్ కడతారు అంటే ఏడాది చేయొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదివాకే సంతకం. జనరల్ షిఫ్టేనా అన్నదీ ముందే తేల్చుకోండి. రాత్రి షిఫ్టుకి ఆడవాళ్లను వేయాలంటే వాళ్ల ఒప్పుదల ఉండాలి.

మీరు ఉత్తరంలో సగం మాటే రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. మీ టీమ్ లీడర్‌కి 27 ఏళ్లుంటాయి. చిన్నవాడు తప్పు చూపిస్తే మొదట్లో గుచ్చుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఇలాగే చేరి మూడో వారం మానేస్తానంది. కారణం పని కాదు, ఆ కుర్రాడు అందరి ముందూ "మేడం, శాంపిల్ మళ్లీ తూచండి" అన్నాడట. ఆమె మానలేదు. ఆర్నెల్లయ్యేసరికి వాళ్లంతా ఆమెని అక్కా అనడం మొదలెట్టారు, వాళ్ల పెళ్లి సంబంధాల గొడవలు ఆమెకే చెప్పుకునేవారు. అది కొత్త తలనొప్పి అనుకోండి.

మీకు అసలు ఇబ్బంది పొద్దున్న ఏడింటికి. కంపెనీ బస్సు హైవే మీదే ఆగితే, మీ ఊరి నుంచి అక్కడికి చేరేది ఎలా, పిల్లలను స్కూలుకి పంపేది ఎవరు? ఈ సంగతి మీవారితో ఇప్పుడే తేల్చుకోవాలి. "చూద్దాంలే" అన్న జవాబుతో చేరకండి. డీఎస్సీ రాయమనే భర్త టిఫిన్ డబ్బా కట్టడం నేర్చుకుంటే తప్పులేదు. అత్తగారు సాయంత్రాలు పిల్లలను చూసుకుంటానంటే ఆవిడ చేతికి నెలకింత ఇవ్వండి. మాటలు తగ్గుతాయని కాదు, ఆవిడదీ పనే కాబట్టి.

ఆర్నెల్లు దాటినా మిమ్మల్ని ఇన్‌స్ట్రుమెంట్ దగ్గరికి రానివ్వకుండా ఫైళ్లు, జెరాక్సులకే తిప్పుతుంటే మేనేజర్‌ని నేరుగా అడగండి. ఏడాదికీ మారకపోతే మానేసి బీఈడీలో చేరండి, అప్పుడు నేనే మీవారి పక్షం.

చేరేటప్పుడు 2012 నుంచి 2023 దాకా ఖాళీ ఎందుకని హెచ్‌ఆర్ అడగొచ్చు. పెళ్లి, పిల్లలు, తర్వాత చదువు అని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి, సంజాయిషీ అక్కర్లేదు. కొన్ని కంపెనీలు దీనికి అఫిడవిట్ అడుగుతాయి. శ్రీకాకుళం వెళ్లినప్పుడు స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించుకుని, సర్టిఫికెట్ల జిరాక్సులతో కలిపి పెట్టుకోండి.