బ్రేకు పెడలు మెత్తబడితే గ్యారేజీపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. హైదరాబాద్‌లోని ఒక గ్యారేజీలో 2024 నవంబరు 16న నా పాత కారు ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని నొక్కి పట్టి చక్రాన్ని ఆపే నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేయించాను. ఖర్చు 78 వేలు. అందులో 50 వేలు ఫోను ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు తీసుకోలేదు. ఆ మరుసటి వారం నుంచే పెడలు మెత్తగా నేల దాకా దిగిపోతోంది. గ్యారేజీవారు బ్రేకు గొట్టాల్లోని గాలిని మూడుసార్లు తీసినా మార్పు లేదు. మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగం) మార్చాలా అని పనికి ముందే వాట్సాప్‌లో అడిగితే ‘పాతదే సరిపోతుంది’ అన్నారు. ఇప్పుడేమో ‘ఆ సామాను మీరు కోరిందే’ అంటున్నారు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో పిల్లలతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాం. తెలిసిన మెకానిక్ ఒకరు బ్రేకులు బాగుచేస్తానని, కావాలంటే మొదటి పనికి పాత తేదీతో బిల్లు కూడా రాసిస్తానని అంటున్నారు. చీటింగ్ కేసు పెట్టి, పది లక్షలు పరిహారం అడగవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ఘాట్ రోడ్డు భయం ఉంది. వినియోగదారుల కమిషన్ తేల్చేది అది కాదు. పెడలు ఎందుకు మెత్తబడిందన్నదే మీ కేసు మొత్తానికి ఆయువుపట్టు. ఆ కారణం ఎవరి ఖాతాలోకి వెళితే వారే ఓడిపోతారు. మీరు కూడా ఓడిపోవచ్చు.

కారణాలు ముఖ్యంగా మూడు. కొత్త కాలిపర్లలో పిస్టన్ల వైశాల్యం పాతవాటికంటే ఎక్కువైతే, వాటిని కదిలించడానికి బ్రేక్ ఆయిల్ ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండరు ఒక్క తొక్కుకు అంత ఆయిల్ నెట్టలేకపోతే పెడలు లోతుకు దిగుతుంది. అప్పుడు ఎన్నిసార్లు గాలి తీసినా ప్రయోజనం ఉండదు, ‘పాతదే సరిపోతుంది’ అన్న ఆ ఒక్క సందేశమే గ్యారేజీని పట్టిస్తుంది. సలహా వారిదని అక్షరాలా రాసి ఉంది కదా, సామాను మీరు కోరిందేనన్న వాదనకు బలం తగ్గుతుంది. రెండోది పనిలో లోపం. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారైతే గాలి వదిలే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే చిక్కుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లో గాలి మిగిలిపోయినా ఇదే తీరు. ఇది కూడా గ్యారేజీ ఖాతాలోదే. మూడోది మీకు నచ్చదు. కాలు అదిమి ఉంచితే పెడలు మెల్లగా కుంగుతూ పోతోందా? అలాగైతే మీ పాత మాస్టర్ సిలిండరులో సీలు అరిగి ఉండవచ్చు. ‘అది కారు వయసు, మా పని కాదు’ అని వారి న్యాయవాది లేచి నిలబడతారు.

ఈ మూడింటిలో ఏదో ఇప్పుడు కారును చూస్తేనే తెలుస్తుంది. అందుకే మీ మెకానిక్‌ను ఒక్క బోల్టు కూడా ముట్టుకోనివ్వకండి. ఆయన సిలిండరు మార్చిన మరుక్షణం సాక్ష్యం పోతుంది, ఆ తర్వాత మిగిలేది మీ మాట, వారి మాట.

పాత తేదీ బిల్లు విషయంలో మెత్తగా చెప్పలేను. అది తప్పుడు సాక్ష్యం సృష్టించడం. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణగానే చట్టం పరిగణిస్తుంది. అక్కడ అలాంటి కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఎదుటివారు ఆ బిల్లు పుస్తకంలో ముందు వెనుక నంబర్లు తెప్పిస్తే చాలు, నిజమైన 50 వేల చెల్లింపును కూడా ఎవరూ నమ్మరు. 78 వేల పనికి బిల్లు అడగకపోవడం మీ నిర్లక్ష్యమే. దాన్ని నేరంతో పూడ్చకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణ, గ్యారేజీలో తీసిన ఫొటోలు ఉంటే అవి చాలు. నగదు ఇచ్చిన మాట మీ అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ సంభాషణ ఉన్న ఫోనును అమ్మకండి, సందేశాలు చెరపకండి. ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయండి.

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. డబ్బు తీసుకున్నప్పుడే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. పిలిచినప్పుడల్లా మూడుసార్లు గాలి తీసిన మనిషిపై అది నిలవడం కష్టం.

ఇక కాలపరిమితి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. లోపం మరుసటి వారమే తెలిసిందని మీరే రాశారు. వచ్చే వారం చూస్తామని వారు తిప్పుకోవడం వల్ల గడువు పెరగదు, లీగల్ నోటీసు ఇచ్చినా పెరగదు. ఎదుటివారు ఎత్తి చూపకపోయినా గడువును కమిషనే పరిశీలించాలని 2009లో సుప్రీంకోర్టు స్టేట్ బ్యాంక్ కేసులో చెప్పింది. పని జరిగిన తేదీ నుంచే లెక్కపెట్టుకుని, 2026 నవంబరు 15 దాటకుండా ఫిర్యాదు దాఖలు చేయండి.

చేయవలసింది ఇది. కారు నడపడం ఈరోజే ఆపండి. లోపం తెలిసి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 మీకే తగులుతుంది, ప్రమాదం జరిగితే మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. టోయింగ్ బండిపై ఆథరైజ్డ్ సర్వీస్ సెంటరుకు తరలించండి. ఇన్సూరెన్స్ సర్వేయరుగా లైసెన్సు ఉన్న ఆటోమొబైల్ ఇంజినీరు చేత పరీక్ష చేయించి, పిస్టన్ల కొలతలు, మాస్టర్ సిలిండరు కొలత, నిపుల్ ఉన్న దిశ, పెడలు కుంగే తీరు రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్ష తేదీ ముందే గ్యారేజీకి స్పీడ్ పోస్టులో తెలపండి, రాకపోతే అది వారి ఇష్టం. అంతా వీడియో తీయించండి. ఆ తర్వాతే రిపేరు. తీసిన భాగాలను సీలు వేసి దాచండి.

ఒక హెచ్చరిక. కారు మార్పు చేయడమే చట్టవిరుద్ధమని గ్యారేజీవారు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, 182ఎ చూపి మిమ్మల్నే ఇరికించాలని చూస్తారు. అనుమతి లేని మార్పుకు యజమానికి ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ ఉన్న మాట నిజమే. కాబట్టి మీరు వేయించిన భాగాల వివరాలు దాచకండి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపకపోయి ఉంటే ఇప్పుడే తెలపండి.

ఫిర్యాదు గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు నివసించే చోటు చాలు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఎవరికీ గాయం కాలేదు, ఇతర ఆస్తికి నష్టం లేదు, కాబట్టి లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి సంబంధించిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం జోలికి పోకుండా సేవాలోపం కిందే అడగండి. 78 వేలు, టోయింగు, పరీక్ష, రిపేరు ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం, కోర్టు ఖర్చులు. పది లక్షలని రాస్తే అసలు నష్టం కూడా అతిశయోక్తిలా కనిపిస్తుంది. ముందుగా 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు సిద్ధంగా ఉండాలి.