ఇంట్రెస్ట్ రావట్లేదన్న మేనల్లుడికి

నాన్నా,

"మామయ్యా, ఆన్‌లైన్ క్లాసులు బుర్రకెక్కట్లేదు, ఇంట్రెస్టే రావట్లేదు" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. తిట్టను, కంగారు పడకు. తెర మీద పేర్లు తప్ప మనుషులు కనపడని క్లాసులు నేనూ చెప్పాను. ఒకరోజు మైకు ఆఫ్‌లో ఉందని తెలియక పన్నెండు నిమిషాలు పాఠం చెప్పేశాను. అరవై మందిలో ఒక్కరూ చెప్పలేదు! అప్పుడు ఒళ్లు మండింది గానీ, తర్వాత అర్థమైంది. వాళ్లు బద్ధకస్తులు కారు. క్లాసులో తామున్నామని వాళ్లకే అనిపించలేదు.

అందుకే ఇంట్రెస్ట్ వచ్చాక చదువుదామని కూర్చోకు. ముందు నువ్వు క్లాసులో ఉన్నట్టు నీకే తెలియాలి. మొదటి పది నిమిషాల్లో చాట్‌లో ఒక ప్రశ్న పెట్టు. "రెండో స్టెప్పులో మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?" అన్నా చాలు. నీ పేరు పిలిచి జవాబు చెప్పారంటే ఇక కునుకు పట్టదు.

కెమెరా సంగతి నీ ఇష్టం. ఫోన్ మాత్రం పక్క గదిలో పడెయ్.

రికార్డింగుల దగ్గరే అసలు చిక్కు. 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు మామూలుగా ఆరు నిమిషాలకు మించి చూడలేదని తేలింది. గంట పాఠాన్ని రెండింతల స్పీడులో మింగేద్దామని చూడకు. ఆరేడు నిమిషాలకోసారి ఆపి, తెర వంక చూడకుండా విన్నది కాగితం మీద రాయి. పెన్ను ఆగిపోయిన చోటికే మళ్లీ వెనక్కి వెళ్లు. చిరాగ్గా ఉంటుంది, నిజమే. కానీ 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఇలాంటిదే చేయించి చూశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లది. నీ పరీక్షలు ఐదు నిమిషాల్లో రావు కదా!

పేరుకుపోయిన పాత క్లాసుల్ని మొదటి నుంచి మొదలుపెట్టకు, మునిగిపోతావు. ఇవాళ్టి క్లాసు ఇవాళే విను. పాతది రోజుకొకటి చాలు. ఒక్కడివే అయితే సాగదు, ఒక ఫ్రెండ్‌ని పట్టుకో. క్లాసవగానే పది నిమిషాలు ఫోన్‌లో ఒకరికొకరు పాఠం చెప్పుకోండి.

రేపు చాట్‌లో ఏం అడిగావో నాకూ పంపు. సార్ ఏం చెప్పారో నీ మాటల్లో రాయి, స్క్రీన్‌షాట్ పంపితే ఒప్పుకోను.

మామయ్య